పెనం దగ్గర ఎవరు నిలబడాలి?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది కరీంనగర్. పెళ్లై రెండేళ్లవుతోంది. ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూ మియాపూర్‌లో ఉంటున్నాం. వచ్చే ఆదివారం రాజమండ్రి నుంచి మా అత్తమ్మ, మామయ్య, అత్తమ్మ చెల్లెలు, ఆమె భర్త, మా ఆడపడుచు, వాళ్లాయన, వాళ్ల ఇద్దరు పిల్లలు (ఏడేళ్లు, నాలుగేళ్లు) మొదటిసారి మా ఇంటికి వస్తున్నారు. గౌతమిలో లింగంపల్లిలో దిగి ఎనిమిదింటికల్లా ఇంటికి చేరతారు. సాయంత్రం నాలుగింటికి ఇక్కడే ఒక పెళ్లికి వెళ్లిపోతారు. అందుకని టిఫిన్, భోజనం వేరువేరుగా కాకుండా పదిన్నరకి రెండూ కలిపి బ్రంచ్‌లాగా పెడదామనుకున్నాను. ఇడ్లీ, వడ, పూరీ కూర, మసాలా దోశ, పెసరట్టు ఉప్మా, వెజ్ బిర్యానీ, రైతా, గులాబ్ జామూన్ అని రాసుకున్నాను. మా ఆయనేమో ఇంత శ్రమ ఎందుకు, బయటి నుంచి తెప్పిద్దాం అంటారు. పోయినసారి స్నేహితులు వచ్చినప్పుడు అలాగే తెప్పిస్తే పూరీలు చల్లారిపోయి తోలులా సాగాయి. మా అత్తమ్మ వంటని ఊరంతా మెచ్చుకుంటుంది. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. మామయ్యకి షుగర్ కూడా. మా అమ్మ చేసే సర్వపిండి పెడదామని ఉంది గానీ వాళ్లకి నచ్చుతుందో లేదో. ఏం చేయమంటారు? - ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదవగానే మీరు రాసుకున్న వంటల్లో పెనం మీదా మూకుడులోనూ ఒక్కొక్కటిగా వేసి తీయాల్సినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను. వడ, పూరీ, దోశ, పెసరట్టు. నాలుగు! పదిమందికి ఈ నాలుగూ వేడివేడిగా పెట్టాలంటే పదిన్నరకి స్టవ్ దగ్గర నిలబడ్డవారు ఒంటిగంట దాటాక గానీ ఇవతలికి రాలేరు. అప్పటికి పిల్లలు నిద్రపోతుంటారు, పెద్దవాళ్లు నడుం వాలుస్తారు. రాత్రంతా రైల్లో కూర్చుని మీ ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లు మిమ్మల్ని చూసేది వెనక నుంచే.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. ఒక్కొక్కటిగా వేసేది ఒకే ఒక్క వంట ఉండాలి. మిగతావన్నీ గిన్నెలోంచి గరిటెతో వడ్డించేవి కావాలి. ఆ ఒక్కటి కూడా మీరొక్కరే వేయకూడదు.

నేనెందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో కూడా చెబుతాను. నా పెళ్లైన కొత్తలో మా అత్తగారి అక్క, ఆవిణ్ణి పెద్దత్తయ్యగారు అనేవాళ్లం, తెనాలి దగ్గర ఊరి నుంచి కుటుంబంతో వచ్చారు. అంతా కలిసి పద్నాలుగు మందిమి. నేను మినపట్లు వేస్తూ కూర్చున్నాను. అప్పట్లో మాది ఒకే పెనం, కిరసనాయిలు స్టవ్. అందరూ తింటున్నారు, మళ్లీ అడుగుతున్నారు, నాకు ఎంతో సంతోషంగా ఉంది. ఒకసారి తలెత్తి చూస్తే పెద్దత్తయ్యగారు స్టీలు కంచం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. కంచంలో సగం అట్టు, పక్కనే కొంచెం కొబ్బరి పచ్చడి. ‘‘ఇది నీకోసం ఉంచానమ్మా, వచ్చి నా పక్కన కూర్చుని తిను’’ అన్నారు. ‘‘మీరు కానివ్వండి పెద్దత్తయ్యా, పెనం కాలుతోంది’’ అన్నాను. ఆవిడ ఇంకొంచెంసేపు నిలబడి, ఆ కంచం గట్టు మీద పెట్టి వెళ్లారు. సాయంత్రం బస్సెక్కారు. మరుసటి ఏడాది సంక్రాంతి లోపే ఆవిడ పోయారు. ఆ రోజు నేను వేసిన అట్లు ఎలా ఉన్నాయో ఎవరికీ గుర్తులేదు. ఆ సగం అట్టు మాత్రం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది.

ఇక మీ పదిన్నర ఆలోచన చాలా మంచిది. మీ ఆఫీసులో దాన్ని బ్రంచ్ అంటారేమో గానీ, మన ఇళ్లకి ఇది కొత్తేమీ కాదు. ఉద్యోగాలకి వెళ్లేవాళ్లున్న ఇళ్లలో పదింటికల్లా అన్నం తినేసి ఆఫీసుకి వెళ్లడం మా చిన్నప్పుడు మామూలే. మీ మామయ్యగారికీ ఆ వేళ అలవాటై ఉండొచ్చు. పైగా ఎనిమిది మంది స్నానాలు చేసేసరికి ఎంత లేదన్నా పదవుతుంది. మీ అత్తమ్మ స్నానం చేసి దేవుడికి దణ్ణం పెట్టుకోకుండా ఏమీ తినే మనిషి కాకపోతే ఆ వేళే ఆవిడకీ కుదురుతుంది.

నేనైతే పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి, పులిహోర, దద్దోజనం, మీ అమ్మగారి సర్వపిండి, ఇంతే పెడతాను. బిర్యానీ వద్దు. సాయంత్రం పెళ్లిలో అదే ఉంటుంది. స్వీటూ వద్దు. గోదావరి వాళ్లు మొదటిసారి కోడలి ఇంటికి వస్తూ చేతులూపుకుంటూ రారు. ఆత్రేయపురం పూతరేకులో తాపేశ్వరం కాజానో సంచిలో తప్పకుండా ఉంటాయి. అవి ఒక పళ్లెంలో పెట్టి మధ్యలో ఉంచండి. వాళ్లు తెచ్చింది వాళ్ల ముందే విప్పి అందరికీ పంచితే వాళ్లకీ సంతోషం.

పెసరట్టునే ఎందుకు ఉంచానంటే, దోశ పిండిలా అది పులిసిందా లేదా అన్న బెంగ ఉండదు. నానాక రుబ్బి వెంటనే వేసుకోవచ్చు. నిజానికి వెంటనే వేస్తేనే రుచి, నిలవ ఉంటే పులుపెక్కి పచ్చి వాసన వస్తుంది. పొట్టు పెసలు ఒక గ్లాసు, అంటే 200 గ్రాములకి, మామూలు సైజు అట్లు ఏడెనిమిది వస్తాయి. మీకు నాలుగు గ్లాసులు చాలు, ముప్పై దాకా అవుతాయి. వాటిలో రెండు గుప్పెళ్ల బియ్యం కలిపి శనివారం రాత్రి పడుకోబోయే ముందు నానబోయండి. ఆరేడు గంటలు నానితే సరిపోతుంది. ఎండాకాలమైతే గిన్నె ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే తెల్లారేసరికి నీళ్లు నురగ కడతాయి. ఉదయం ఆరున్నరకి చల్లటి నీళ్లు చిలకరిస్తూ రెండు మూడు వాయిలుగా మిక్సీ పట్టండి. మొదటి వాయి పచ్చిమిరపకాయలు లేకుండా రుబ్బి, పిల్లలకోసం చిన్న గిన్నెలోకి తీసేయండి. తర్వాత వాయిల్లో అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసుకోండి. ఉప్పు మాత్రం రెండింట్లోనూ మర్చిపోకండి. పిండి మరీ మెత్తగా వెన్నలా కాకుండా వేలికి కొంచెం పలుకు తగలాలి.

వేయడంలో ఒక్క కిటుకు ఉంది. పెనం మరీ కాగితే పిండి గరిటెతో పాటే లేచి ఉండ చుట్టుకుంటుంది. కంగారుపడి ఇంకా నూనె పోస్తే ఇంకా జారుతుంది. అప్పుడు మంట తగ్గించి, పెనం మీద నీళ్లు చిలకరించి, సగానికి కోసిన ఉల్లిపాయతో రుద్దండి. ‘చుయ్’ శబ్దం తగ్గగానే పిండి పోసి మధ్యలోంచి బయటికి తిప్పండి. పిండి పరుచుకున్నాకే మంట పెంచాలి. అంచులు లేచి, పైన తడి ఆరాక ఒక గరిటె ఉప్మా పెట్టి మడవడమే. కొత్త ఇనప పెనం కొని ఆ రోజే మొదలుపెట్టకండి. మీ చేతికి అలవాటైన పెనం ఏదైనా సరే అదే మంచిది.

ఒక్క పెనం మీద అట్టుకి మూడు నిమిషాలు వేసుకున్నా ముప్పై అట్లకి గంటన్నర. అదే రెండు పెనాలైతే ముప్పావు గంట. కాబట్టి పక్కింటివారిని అడిగైనా రెండో పెనం తెచ్చుకోండి. ఇక మీ ఆయన సంగతి. బయటి నుంచి తెప్పిద్దాం అన్నారంటే మీరు అలసిపోతారనే ఆయన భయం. ఆ ప్రేమని పనిలోకి తీసుకోండి. శుక్రవారం రాత్రి అర గ్లాసు పెసలు రుబ్బి ఆయన చేతికి గరిటె ఇవ్వండి. మొదటి రెండూ చిరుగుతాయి, మూడోది వస్తుంది. ఆదివారం మొదటి విడతలో పిల్లలు, మామయ్యగారు, బాబాయిగారు, ఆడపడుచు భర్త కూర్చుంటే మీరు వేయండి. రెండో విడతలో అత్తమ్మ, పిన్నిగారు, ఆడపడుచు కూర్చున్నప్పుడు మీరూ వాళ్ల పక్కనే కంచం ముందు కూర్చోండి, ఆయన వేస్తారు. ‘అయ్యో, మగపిల్లాడు పెనం దగ్గరా’ అని ఎవరైనా లేవబోతే, ‘మీరు కూర్చోండి పిన్నిగారూ, ఈ పూట మీ అబ్బాయి చేతి అట్టు తినాల్సిందే’ అని చెప్పండి. కొడుకు చేతి అట్టు తిన్న తల్లి దాని గురించి ఊరంతా చెప్పుకుంటుంది.

ఉప్మా గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పెసరట్టులోకి కాస్త జారుగా ఉండాలి కాబట్టి గ్లాసు రవ్వకి మూడు గ్లాసుల నీళ్లు. మీకు రెండు గ్లాసుల రవ్వ చాలు. రవ్వ శనివారమే వేయించి డబ్బాలో పెట్టుకుని, పది దాటాక చేయండి. గట్టిపడితే కలపడానికి వేడినీళ్లు పక్కన ఉంచుకోండి. ఉప్మా పెట్టిన పెసరట్టుకి ‘ఎమ్మెల్యే పెసరట్టు’ అన్న పేరు హైదరాబాద్ ఎమ్మెల్యే క్వార్టర్స్ క్యాంటీన్ నుంచి వచ్చిందని చెబుతారు. కోస్తా వంటకి హైదరాబాద్ పేరు! మీ ఇద్దరి ఇంటికి ఇంతకంటే తగిన టిఫిన్ ఏముంటుంది?

అల్లం పచ్చడి శనివారం సాయంత్రమే చేసేయండి, మర్నాటికి ఇంకా బాగుంటుంది. వంద గ్రాముల అల్లం చెక్కు తీసి నూనెలో వేయించి, దాదాపు అంతే చింతపండు, అంతకంటే కొంచెం ఎక్కువ బెల్లం, పది పన్నెండు ఎండుమిరపకాయలు, ఉప్పు. ఇందులో బెల్లం ఉంటుంది కాబట్టి మామయ్యగారికి విడిగా కొంచెం కొబ్బరి పచ్చడి చేయండి.

ఆయన గురించి ఇంకొక్క మాట, ఇది వంట కంటే ముఖ్యం. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లని పదిన్నర దాకా ఖాళీ కడుపుతో ఉంచకూడదు. పండక్కి అందరితో కలిసి తిందామని ఆగి, కళ్లు తిరిగి పడిపోయినవాళ్లని నేను చూశాను. మీ పిండి ఏడింటికే సిద్ధమవుతుంది కాబట్టి ఆయన మొహం కడుక్కోగానే, ఆయన మాత్ర వేళని బట్టి, ఉప్మా లేకుండా రెండు పెసరట్లు పెట్టేయండి. మళ్లీ పదిన్నరకి అందరితో పాటు ఒకటి తింటారు. పులిహోర కాస్త రుచి చూస్తారు. మొహమాటపడి వద్దంటే, ‘పెనం కాలిందో లేదో మీరే చూడాలి మామయ్యా’ అని కంచం ముందు పెట్టండి.

సర్వపిండి నచ్చుతుందో లేదో అని అడిగారు. తప్పకుండా పెట్టండి! నా మాటగా ఇంకోటి చెప్పనా? వాళ్ల ఊరి వంటలు వాళ్లు రోజూ తింటారు. మీ అత్తమ్మ చేసినంత బాగా ఆ వంటలు చేయాలని మీరు పోటీపడాల్సిన పనిలేదు. కానీ కరీంనగర్ పిల్ల చేతి సర్వపిండి వాళ్లకి రాజమండ్రిలో ఎక్కడ దొరుకుతుంది? ఆవిడకి అది వింతగా కూడా అనిపించదు. గోదావరి ఇళ్లలో మూకుడు నిండా మినప్పిండి పోసి, మూత పెట్టి, సన్న సెగ మీద దిబ్బరొట్టె కాలుస్తారు. మీ వైపు గిన్నె లోపలంతా బియ్యప్పిండి ముద్ద తట్టి, మూత పెట్టి, అదే సన్న సెగ మీద కాలుస్తారు. అందుకే కొన్నిచోట్ల దాన్ని గిన్నప్ప అంటారు, తపాలా చెక్క అని కూడా అంటారు. ఆవిడ ఒక ముక్క విరిచి చూడగానే ఇది ఎలా కాల్చారో పట్టేస్తారు. ఇక ఆ మాటా ఈ మాటా మీ ఇద్దరి మధ్యా తెమలదు.

దాన్ని ఆదివారం పెట్టుకోకండి. శనివారం సాయంత్రం చేసుకుంటే మర్నాడు ముక్కలు విరిచి పళ్లెంలో పెట్టొచ్చు. మీ అమ్మగారి కొలతలే వాడండి, నా కొలతలు వద్దు. ఒకటి మాత్రం, నిలవ ఉంచుతున్నారు కాబట్టి ఉల్లికాడలు వేయకండి, వాసన మారుతుంది. నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, కరివేపాకు చాలు. గిన్నె పూర్తిగా చల్లారాకే రెండోది తట్టాలని మీకు తెలిసే ఉంటుంది. తొందర ఉంటే అడుగున నీళ్లు పోసి చల్లార్చండి, లేదా రెండు గిన్నెలతో మార్చి మార్చి చేయండి. వేలితో పెట్టిన గుంటల్లో నూనె చుక్కలు వేసి, మూత మీద చెమట ఆరేదాకా ఓపిక పట్టండి. నాలుగు చేస్తే పదిమందికి రుచి చూపించొచ్చు.

పులిహోర మాత్రం మీరు పూర్తిచేయకండి. నేను కావాలనే అంటున్నాను. అర కిలో బియ్యానికి 70 గ్రాముల చింతపండు లెక్కన పులుసు తీసి, పసుపు, ఉప్పు, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, చిన్న బెల్లం ముక్క వేసి, నూనె పైకి తేలేదాకా శనివారమే ఉడికించి ఉంచండి. ఆదివారం ఏడుంబావుకి అన్నం పొడిపొడిగా వండి, వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, వేడి మీదే పసుపూ నూనే చల్లండి. పోపు తొమ్మిదిన్నరకి పెట్టండి, ముందే పెడితే శనగపప్పు, పల్లీలు మెత్తబడిపోతాయి. అప్పటికి మీ అత్తమ్మ స్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వంటింట్లోకి వస్తారు. వచ్చి తీరతారు, అంత బాగా వండే మనిషి హాల్లో ఊరికే కూర్చోలేరు. ‘ఏమైనా చేయనా’ అని ఆవిడ అడిగేదాకా ఉండకుండా, ‘అత్తమ్మా, ఇది మీ చేత్తో కలపండి, పులుపు ఎంత పట్టాలో నాకింకా తెలియడం లేదు’ అని పళ్లెం ఆవిడ ముందు పెట్టండి. ఆవిడ నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని, ఇంకో చిటికెడు ఉప్పు చల్లి, అరచేత్తో మెల్లగా అడుగు నుంచి పైకి కలుపుతారు. ఆ చెయ్యి చూస్తూ ఉండండి. గ్లాసులతో కొలిచి ఎవరూ చెప్పలేనిది అక్కడ దొరుకుతుంది. ఆవిడ వంటతో మీ వంటని పోల్చి చూస్తారన్న భయం కూడా అక్కడితో పోతుంది. పులిహోర ఆవిడది, సర్వపిండి మీది, అట్లు వాళ్లబ్బాయివి. ఇంకేం పోలుస్తారు?

దద్దోజనం పిల్లలకీ రైల్లో నిద్రలేనివాళ్లకీ. అన్నం మెత్తగా వండి, వేడి మీదే పాలు పోసి మెదిపి, గోరువెచ్చగా అయ్యాక కొంచెమే పెరుగు కలపండి. ఇలా చేస్తే మధ్యాహ్నం దాకా పులవదు. మిరియాలు, అల్లం, ఇంగువ పోపు చివర్లో. పిల్లలకి పోపు వేయకముందే రెండు గిన్నెల్లోకి తీసిపెట్టండి.

వచ్చీ రాగానే అందరికీ కావాల్సింది టిఫిన్ కాదు, కాఫీ. ఆరింటికే డికాక్షన్ దిగేలా ఫిల్టర్ వేయండి, పాలు రెండు లీటర్లు ఇంట్లో ఉంచండి. గీజర్ వేసి, స్నానానికి పిల్లల్ని ముందు పంపండి. డైనింగ్ టేబుల్ నలుగురికే సరిపోతే చింతించకండి, కింద కూర్చోలేని పెద్దవాళ్లకి టేబుల్ వదిలి, మిగతావాళ్లకి హాల్లో దుప్పటి పరవండి. గ్యాస్ బండ ఎంత ఉందో శనివారం ఉదయమే చూసుకోండి.

మిగిలిన పులిహోర డబ్బాలో పెట్టి పిల్లలున్న ఆడపడుచు చేతికివ్వండి. పెళ్లి భోజనాల దగ్గర వరస వచ్చేసరికి పిల్లలు ఏడుస్తారు.

మీ అత్తమ్మ బాగుందని అంటారా అని మీ మనసులో ఉంది, ఉత్తరంలో రాయకపోయినా తెలుస్తూనే ఉంది. కొందరు పెద్దవాళ్లు నోటితో అనరు. ఉప్పు తక్కువైందని అంటూనే రెండోసారి పెట్టించుకుంటారు. అలా పెట్టించుకుంటే బాగుందనే.

ఈ జవాబు చదవగానే ఆవిడకి ఫోన్ చేయండి. మామయ్యగారు మాత్ర ఎన్నింటికి వేసుకుంటారో అడగండి. పులిహోరలో ఆవ పెడతారా అని కూడా అడగండి. గోదావరి వైపు చాలామందికి ఆవ ఘాటు లేకపోతే పులిహోర చప్పగా అనిపిస్తుంది. పెడతామంటే ఒక చెంచా ఆవాలు, ఒక ఎండుమిరపకాయ మిక్సీ పక్కన ఉంచండి. ముందే నూరకండి, చేదెక్కుతుంది. ఆవిడ వచ్చాక, ఆవిడ చెప్పినప్పుడు నూరండి.